టీవీలోనే వీసీఆర్ ఉన్న పాత పెట్టె: ఆ రిమోట్ వాడే పద్ధతి

మొన్న దసరా ముందు కల్యాణసింగ్‌పూర్‌లో మా పెద్దత్త ఇల్లు దులిపిస్తుంటే అటక మీంచి ఒక టీవీ దిగింది. మామూలు టీవీ కాదు. తెర కిందే క్యాసెట్ దూర్చే సందు ఉన్న పెట్టె. టీవీ, వీసీఆర్ రెండూ ఒకదాంట్లోనే. మావయ్య గల్ఫ్‌లో పనిచేసి వచ్చేటప్పుడు తెచ్చుకున్నది. దాంతోపాటు ప్లాస్టిక్ సంచిలో చుట్టి నాలుగు క్యాసెట్లు, ఒక రిమోట్ ఉన్నాయి. ఒక క్యాసెట్ మీద నీలం సిరాతో ‘పెద్దమ్మాయి పెళ్ళి, 1996’ అని రాసి ఉంది. ఆ పెళ్ళి పందిట్లో తిరిగినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు. మావయ్యా లేడు. ఫొటోలు చాలానే ఉన్నాయి గానీ ఆయన నడక, ఆయన గొంతు ఉన్నది ఆ ఒక్క క్యాసెట్‌లోనే.

అత్త రిమోట్ నా చేతిలో పెట్టి, “ఏటి నొక్కాల్రా?” అంది.

నేను వెంటనే ఏదీ నొక్కలేదు. చిన్నప్పుడు మా ఇంట్లో అలాంటి రిమోట్ మీదే ఎర్ర బటన్ నొక్కి, చెల్లి అన్నప్రాసన క్యాసెట్ మీద నాలుగు నిమిషాల క్రికెట్ ఎక్కించినవాణ్ణి నేను. సరిగ్గా అమ్మమ్మ చెల్లికి అన్నం పెట్టే చోట. అది మళ్ళీ రాలేదు, రాదు కూడా. అందుకే ఈ వ్యాసం ఆ ఎర్ర బటన్ దగ్గరే మొదలుపెడుతున్నాను.

ముందు క్యాసెట్, తర్వాతే రిమోట్

క్యాసెట్ చేతిలోకి తీసుకుని, పేరు రాసే పట్టీ అంటించే సన్నని అంచు చూడండి. ఒక మూల గోరంత ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. అది ఉన్నంతవరకూ ఆ క్యాసెట్ మీద మళ్ళీ రికార్డు చేయొచ్చు. అంటే పొరపాటున చెరిపేయొచ్చు కూడా. స్క్రూడ్రైవర్ మొనతో దాన్ని విరిచేస్తే ఇక ఎర్ర బటన్ ఎన్నిసార్లు నొక్కినా రికార్డు కాదు, మెషిన్ ఒప్పుకోదు. కొన్ని క్యాసెట్లలో ఆ ముక్క ముందే విరిగిపోయి, ఆ గుంట మీద ఎవరో సెలోటేప్ అంటించి ఉంటారు. మళ్ళీ రికార్డు చేసుకోవడానికి అప్పట్లో అందరూ చేసిన పనే అది. ఆ టేపు పీకేయండి. పెళ్ళిళ్ళు, ఉపనయనాలు, షష్టిపూర్తులు ఉన్న క్యాసెట్లన్నింటికీ ఈ పని చేశాకే రిమోట్ ముట్టుకోండి. పిల్లలున్న ఇంట్లో అయితే మరీ ముఖ్యం.

ఇంకో విషయం. క్యాసెట్ కిటికీలోంచి లోపలి చుట్ట చూడండి. నల్లగా, నున్నగా మెరుస్తుంటే మంచిదే. అంచుల మీద తెల్లగా పిండి చల్లినట్టు కనిపిస్తే అది బూజు. మన వైపు నియమగిరి వానలకి అటక మీద ఏళ్ళ తరబడి ఉన్న క్యాసెట్‌కి బూజు పట్టడం వింతేమీ కాదు. అలాంటిదాన్ని మెషిన్‌లో పెట్టకండి. ఆ బూజు లోపలి హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లనూ పాడు చేస్తుంది, టేపు తెగినా తెగొచ్చు. 2017 జూలైలో కల్యాణి, నాగావళి పొంగినప్పుడు బురద నీళ్ళు తాగిన క్యాసెట్లు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే వాటికీ ఇదే మాట. ఎండలో ఆరబెట్టినా, హెయిర్ డ్రయ్యర్ పెట్టినా టేపు వంకర్లు పోతుంది. వాటిని టేపులు శుభ్రం చేయడం తెలిసినవాళ్ళకే అప్పగించాలి.

పెట్టె విషయంలో కూడా తొందరపడొద్దు. వెనకాల అంటించిన చీటీలో ఎన్ని వోల్టులో చదవండి. 220–240 అని గానీ, 110–240 అని గానీ ఉంటే మన ప్లగ్గుకి సరిపోతుంది. 110 లేదా 120 అని మాత్రమే ఉంటే అది అమెరికా నుంచి వచ్చిన సెట్టు, మన 230 వోల్టుల కరెంటుకి నేరుగా పెడితే కాలిపోతుంది. దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. అటక మీంచి దించిన రోజే కాకుండా, పొడి గదిలో ఒకరోజు ఉంచి పెట్టడం మేలు. లోపల చెమ్మ ఉంటే టేపు హెడ్‌కి అతుక్కుపోతుంది. మొదటిసారి పెళ్ళి క్యాసెట్ పెట్టకండి. పోయినా బాధ లేని పాత సినిమా క్యాసెట్ ఏదైనా ఒకటి పెట్టి, పావుగంట నడిపి, బయటికి తీసి టేపు నలగలేదు కదా అని చూసుకుని, అప్పుడు అసలుది పెట్టండి.

అక్షరాలు రాకపోయినా గుర్తులు చాలు

మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి తెలుగు చదవడం వచ్చు, మనవలకి ఒడియా, ఇంగ్లీషు వచ్చు. రిమోట్ మీద ఉన్నవేమో పొట్టి ఇంగ్లీషు మాటలు, అవీ సగం చెరిగిపోయి. కానీ ముఖ్యమైన బటన్ల మీద గుర్తులు ఏ కంపెనీదైనా ఒక్కటే. మా అత్తకి నేర్పింది కూడా గుర్తులతోనే.

కుడివైపు మొన ఉన్న ఒంటి త్రికోణం ప్లే. చదరం స్టాప్. కుడివైపు తిరిగిన జంట త్రికోణాలు ముందుకి, ఎడమవైపు తిరిగినవి వెనక్కి. పక్కపక్కన రెండు నిలువు గీతలు పాజ్. పైకి చూసే త్రికోణం కింద ఒక అడ్డగీత ఉంటే క్యాసెట్ బయటికి వస్తుంది. ఇది కొన్ని రిమోట్ల మీద ఉండదు, పెట్టె ముందుభాగాన మాత్రమే ఉంటుంది. ఎర్ర చుక్క గానీ, ఎర్ర రంగు బటన్ గానీ ఉంటే రికార్డు. మా అత్త దాని మీద చిన్న ప్లాస్టర్ ముక్క అంటించేసింది. గుంటలు ఆడుకున్నా భయం లేదంది. నిజానికి అంతకన్నా మంచి ఉపాయం నాకూ తోచలేదు.

ఒక రిమోట్, రెండు యంత్రాలు

విడిగా టీవీ, విడిగా వీసీఆర్ ఉన్న రోజుల్లో రెండు రిమోట్లు ఉండేవి, తికమక లేదు. ఈ పెట్టెకి ఒకటే రిమోట్. అదే బటన్ ఒకోసారి టీవీకి, ఒకోసారి వీసీఆర్‌కి చెందుతుంది. జనం గందరగోళపడేది ఇక్కడే.

పవర్ నొక్కితే రెండూ ఒకేసారి వెలుగుతాయి. చాలా సెట్లలో క్యాసెట్ దూర్చినా చాలు, పెట్టె తనంతట తనే వెలుగుతుంది. రికార్డు ముక్క విరిచేసిన క్యాసెట్ అయితే ప్లే కూడా అదే మొదలవుతుంది. కంగారుపడి అన్నీ నొక్కకండి. ప్లే నడుస్తుంటే తెర దానంతట అదే క్యాసెట్ బొమ్మకి మారుతుంది. స్టాప్ నొక్కితే మళ్ళీ టీవీ చానెల్‌కి పోతుంది. ఇప్పుడు యాంటెన్నా కార్యక్రమాలు దాదాపు లేవు. దూరదర్శన్ తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 నాటికి చాలావరకు మూసేసింది. అందుకని స్టాప్ నొక్కగానే తెర మీద గరగరలాడే చుక్కలో, నీలం తెరో కనిపిస్తే క్యాసెట్ పాడైందని అనుకోవద్దు. అది ఖాళీ చానెల్, అంతే.

సెట్‌టాప్ బాక్స్‌ని ఈ పెట్టెకి తగిలించాలంటే పసుపు, తెలుపు, ఎరుపు తీగలు ఏవీ ఇన్ అని ఉన్న రంధ్రాల్లో పెట్టాలి. ఎరుపు రంధ్రం లేని సెట్టైతే పసుపు, తెలుపు చాలు. తర్వాత రిమోట్ మీద టీవీ/వీడియో అనో, ఇన్‌పుట్ అనో ఉన్న బటన్ నొక్కుతూ పోతే బాక్స్ బొమ్మ వస్తుంది. అక్కణ్ణించి చానెళ్ళు మార్చేది సెట్‌టాప్ బాక్స్ రిమోట్, ఈ రిమోట్ కాదు.

అసలు కిటుకు చానెల్ బటన్లది. మామూలుగా అవి చానెల్ మారుస్తాయి. క్యాసెట్ నడుస్తున్నప్పుడు మాత్రం చాలా సెట్లలో అవే బటన్లు ట్రాకింగ్ సరిచేస్తాయి. ఇది తెలియకే ఎంతోమంది “మెషిన్ పాడైంది” అని పక్కన పడేశారు.

ట్రాకింగ్ అంటే

టేపు వెడల్పు అర అంగుళం. దాని మీద బొమ్మ నిలువుగానో అడ్డంగానో కాదు, ఏటవాలు చారలుగా రాసి ఉంటుంది. మన పాల్ పద్ధతిలో ఒక్కో చార వెడల్పు 49 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. వీసీఆర్ లోపల మెరిసే డ్రమ్ము నిమిషానికి 1,500 సార్లు తిరుగుతూ, దాని అంచున ఉన్న హెడ్లతో ఆ చారలను చదువుతుంది. టేపు ఏమో సెకనుకి రెండున్నర సెంటీమీటర్ల లోపే జరుగుతుంది. హెడ్ సరిగ్గా చార మీదే నడిస్తే బొమ్మ శుభ్రంగా ఉంటుంది. పక్క చార మీదికి కొంచెం ఒరిగినా తెర మీద అడ్డంగా తెల్లటి గరగర పట్టీ వస్తుంది.

టేపు దిగువ అంచున లయ వేసినట్టు కొన్ని గుర్తులు రికార్డై ఉంటాయి. వాటిని పట్టుకునే మెషిన్ హెడ్‌నీ టేపునీ జత చేసుకుంటుంది. పెళ్ళి క్యాసెట్ రికార్డైన మెషిన్ వేరు, మన మెషిన్ వేరు. రెండింటికీ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. ఆ తేడా సరిచేసేదే ట్రాకింగ్.

కొత్త సెట్లు క్యాసెట్ పెట్టగానే వాటంతటవే సరిచేసుకుంటాయి. ఓ పది సెకన్లు ఆగండి. అప్పటికీ గరగర పట్టీ ఉంటే, ప్లే నడుస్తుండగానే చానెల్ పైకి బటన్‌ని ఒక్కొక్కటిగా నొక్కండి. పట్టీ తెర దిగువకో, పైకో జరిగి మాయమవుతుంది. ఇంకా ఎక్కువైతే చానెల్ కిందికి బటన్. రిమోట్ మీద ట్రాకింగ్ అని విడిగా ప్లస్, మైనస్ బటన్లు ఉంటే అవే వాడండి. పట్టుకుని ఉంచేయకుండా ఆగి ఆగి నొక్కాలి, చూడాలి, మళ్ళీ నొక్కాలి. రేడియోలో స్టేషన్ తిప్పి పట్టుకున్నంత ఓపిక కావాలి. మా అత్త క్యాసెట్‌కి పన్నెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. పదకొండోసారికి బొమ్మ సగం తేలింది, పన్నెండుకి మేళం వాళ్ళ మొహాలు కనిపించాయి.

కొన్ని సెట్లు సిగ్నల్ బలహీనంగా ఉంటే బొమ్మ మొత్తం ఆపేసి నీలం తెర చూపిస్తాయి. మాట వినిపిస్తూ తెర నీలంగా మారిపోతుంటే క్యాసెట్ ఖాళీ కాదు. మెనూలో ఈ నీలం తెరను ఆపే వీలు ఉంటే ఆపేయండి, మసకగానైనా కనిపిస్తుంది. ఎంత ట్రాకింగ్ చేసినా తెరంతా మంచు కురిసినట్టే ఉండి, మాట మాత్రం బాగుంటే హెడ్ మురికి పట్టింది. దూదితో తుడవబోయి హెడ్ విరగ్గొట్టినవాళ్ళను చూశాను. క్లీనింగ్ క్యాసెట్ గానీ, చేయి తిరిగిన మెకానిక్ గానీ చూడాల్సిన పని అది.

టేపు నలగకుండా

ఏళ్ళ తరబడి కదలని టేపుని పెట్టగానే ప్లే చేయకుండా, ముందు చివరిదాకా తిప్పి, మళ్ళీ మొదటికి తెచ్చి అప్పుడు చూడండి. చుట్టలో అతుక్కున్న పొరలు విడతాయి. తిప్పేటప్పుడు ఒక తేడా గుర్తుంచుకోవాలి. ప్లే నడుస్తుండగా జంట త్రికోణాలు నొక్కితే బొమ్మ కనిపిస్తూనే వేగంగా పరిగెడుతుంది. అప్పుడు టేపు హెడ్ మీద గట్టిగా రుద్దుకుంటుంది. స్టాప్ నొక్కి, ఆ తర్వాత జంట త్రికోణాలు నొక్కితే టేపు మీద అంత ఒరిపిడి ఉండదు. పాత టేపుకి రెండోదే మంచిది.

పాజ్ కూడా అంతే. బొమ్మ నిలబడినా డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, టేపులో అదే చోటును రుద్దుతూ. అందుకే చాలా మెషిన్లు ఐదు నిమిషాలకి పాజ్ వాటంతటవే వదిలేస్తాయి. ఇష్టమైన చోటు మళ్ళీ మళ్ళీ చూడాలనుకుంటే ఇంకో దారి ఉంది. అక్కడికి రాగానే కౌంటర్ రీసెట్ నొక్కితే తెర మీది అంకెలు సున్నా అవుతాయి. జీరో రిటర్న్ అనో, మెమరీ అనో బటన్ ఉంటే, స్టాప్ నొక్కాక అది పెట్టుకుని వెనక్కి తిప్పితే సున్నా దగ్గర దానంతట అదే ఆగుతుంది. క్యాసెట్ బయటికి తీస్తే ఆ సున్నా పోతుంది.

రికార్డు సంగతి క్లుప్తంగా చెప్తాను, ఇప్పుడు దాని అవసరం తక్కువ. ఇలాంటి సెట్లలో ఎక్కువ వాటికి ట్యూనర్ ఒకటే. తెర మీద ఏది నడుస్తుంటే అదే రికార్డవుతుంది, ఒకటి రికార్డు చేస్తూ వేరొకటి చూడటం కుదరదు. ఈ-180 క్యాసెట్ ఎస్పీ వేగంలో మూడు గంటలు, ఎల్పీలో ఆరు గంటలు పడుతుంది, ఎల్పీలో బొమ్మ నాణ్యత తగ్గుతుంది. టైమర్ పెట్టాలంటే గడియారం సరిగా ఉండాలి. మన వైపు కరెంటు పోయిన ప్రతిసారీ అది మొదటికొస్తుంది కాబట్టి, టైమర్ మీద ఆశ పెట్టుకోవద్దు.

రిమోట్ పలక్కపోతే

అటక మీద దొరికిన రిమోట్లలో బ్యాటరీలు కారి, స్ప్రింగుల మీద తెల్లటి పొక్కు కట్టి ఉండటం మామూలే. బ్యాటరీలు తీసేసి, చెవి పుల్ల కొనకి నిమ్మరసం గానీ వెనిగర్ గానీ అద్ది ఆ పొక్కు తుడవండి. తర్వాత పొడి గుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి. కొత్త బ్యాటరీలు రెండూ ఒకేసారి మార్చాలి, పాతదీ కొత్తదీ కలపొద్దు.

బ్యాటరీలు మార్చినా పనిచేయకపోతే తప్పు రిమోట్‌దా, పెట్టెదా అని తేల్చుకోవాలి. రిమోట్ ముక్కున ఉన్న చిన్న బల్బు కంటికి కనిపించని పరారుణ కాంతిని పంపుతుంది. మన కంటికి కనిపించదు గానీ ఫోన్ కెమెరాకి కనిపిస్తుంది. సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ ముక్కు దానివైపు పెట్టి ఏదైనా బటన్ నొక్కండి. ఊదా రంగులోనో, తెల్లగానో మిణుకుమంటే రిమోట్ బాగానే ఉంది. అన్ని బటన్లకీ వెలిగి ఒక్కదానికి వెలగకపోతే ఆ బటన్ కింది రబ్బరు అరిగినట్టు, లేదా నూనె మురికి చేరినట్టు. రిమోట్ విప్పి రబ్బరునీ, కింది పలకనీ స్పిరిట్‌తో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. రిమోట్ బాగున్నా టీవీ వినకపోతే, కిటికీలోంచి ఎండ గానీ, సీఎఫ్ఎల్ దీపం వెలుగు గానీ పెట్టె ముందుభాగాన నేరుగా పడుతోందేమో చూడండి.

బజారులో దొరికే అన్ని టీవీలకీ పనికొచ్చే రిమోట్ కొనేముందు ఒకసారి ఆలోచించండి. వాటిలో చాలావాటికి చానెల్, వాల్యూమ్ తప్ప ప్లే, రివైండ్ ఉండవు. రిమోట్ అసలు దొరక్కపోయినా దిగులు లేదు. పెట్టె ముందు చిన్న మూత కింద ప్లే, స్టాప్, ముందుకి, వెనక్కి, చానెల్ బటన్లు ఉంటాయి. అక్కడి చానెల్ బటన్లతోనే ట్రాకింగ్ కూడా చేయొచ్చు. మెనూ, గడియారం లాంటివి మాత్రం ఎక్కువగా రిమోట్‌కే పరిమితం.

అమెరికా క్యాసెట్ సంగతి

కొన్ని ఇళ్ళలో అమెరికా నుంచి పిల్లలు పంపిన క్యాసెట్లున్నాయి, సీమంతాలు, గృహప్రవేశాలు. అవి మన సెట్‌లో పెడితే బొమ్మ తెరంతా దొర్లుతుంది, లేదా రంగు ఉండదు. క్యాసెట్ చెడలేదు. అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో తెరకి 525 గీతలు, సెకనుకి 30 బొమ్మలు. మన పాల్‌లో 625 గీతలు, 25 బొమ్మలు. ఏ ట్రాకింగూ దీన్ని సరిచేయలేదు. గల్ఫ్ నుంచి తెచ్చిన సెట్లలో రెండు పద్ధతులూ పట్టేవి చాలా ఉన్నాయి, మెనూలో సిస్టమ్ అని ఉన్న చోట ఆటో పెట్టి చూడండి.

కాపీ తీసుకోవడం

వీసీఆర్‌లు తయారుచేసిన చివరి కంపెనీ జపాన్‌లోని ఫునాయి. విడిభాగాలు దొరకడం లేదని అదీ 2016 జూలైలో ఆపేసింది. అంటే మన ఇంట్లో నడుస్తున్న మెషిన్ చెడితే కొత్తది రాదు. అందుకని నడుస్తున్నప్పుడే ఒక కాపీ కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి.

ఇక్కడే ఈ కలగలుపు పెట్టెలకి ఒక లోపం ఉంది. చాలావాటికి ఏవీ ఇన్ ఉంటుంది గానీ ఏవీ అవుట్ ఉండదు, బొమ్మను బయటికి ఇవ్వదు. వెనకా ముందూ వెతికి, అవుట్ అని ఉంటే అదృష్టం. యూఎస్‌బీ క్యాప్చర్ అనే చిన్న పరికరంతో కంప్యూటర్‌కి కలిపి, ప్లే నొక్కి వదిలేయొచ్చు. మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. అవుట్ లేకపోతే విడి వీసీఆర్ ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోవాలి. అదీ దొరక్కపోతే గది చీకటి చేసి, ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టి తెరను తీయండి. ఫోన్‌లో సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ యాభయ్యో వంతు పెట్టుకుంటే తెర మీద నల్ల పట్టీలు పాకడం చాలావరకు తగ్గుతుంది. నాణ్యత అంతంతే, కానీ మనిషి ఉంటాడు.

మా అత్త సెట్టుకి అవుట్ లేదు. ఆ రాత్రికి ఫోన్‌తోనే తీశాం. మావయ్య పందిట్లో మగపెళ్ళివారికి ఎదురెళ్ళి, ఎవరినో పేరు పెట్టి కేకేస్తాడు. అత్త పాజ్ నొక్కమంది. ఐదు నిమిషాలకి అదే వదిలేసి ముందుకి నడిచింది. తర్వాత క్యాసెట్లు మూడూ మొదటికి తిప్పి, అట్టపెట్టెల్లో నిలువుగా పెట్టి, రాయగడలో రైలెక్కి విజయనగరం తీసుకెళ్ళాను. అక్కడ మా చిన్నాన్న కొడుకు దగ్గర విడి వీసీఆర్ ఉంది. రెండు రోజులు పట్టింది. మూడూ కాపీ అయ్యాయి. నాలుగోదాని అంచున బూజు ఉంది, అది ఇంకా ఏ మెషిన్‌లోనూ పెట్టలేదు.